గంపలో చెత్త కాయ ఏది? సిట్‌కామ్ అభిమానుల తగువు

(తెర మీద: ఒక బల్ల. దాని మీద మామిడిపళ్ల గంప, పక్కన కాగితంలో చుట్టిన తాండ్ర ముక్క. పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.)

నమస్కారం. విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. ఫ్యాను చప్పుడు వినిపిస్తే సర్దుకోండి. మే నెలలో ఫ్యాను ఆపుకుని వీడియో తీసేంత తపస్సు నా వల్ల కాదు.

మొన్న ఆదివారం శ్రీకాకుళం నుంచి మా బావమరిది వచ్చాడు. భోజనాలయ్యాక ఇద్దరం ఇదే గంప ముందు పెట్టుకుని కూర్చున్నాం. మాట ఎక్కడెక్కడో తిరిగి సిట్‌కామ్‌ల మీదికి, అంటే టీవీ హాస్య ధారావాహికల మీదికి వచ్చి, మన తెలుగు ‘అమృతం’ దగ్గర ఆగింది. వాడు టెంక చీకుతూ తీర్పు చెప్పేశాడు. “బావా, నిజం చెప్పాలంటే అమృతంలో సగం ఎపిసోడ్లు చెత్త.” అక్కడితో ఊరుకున్నాడా, లేదు. అమెరికా వాళ్ల ‘ఫ్రెండ్స్’లో ఇరవై ఎపిసోడ్లు తీసేయాలట. అక్కడిదే ‘సైన్‌ఫెల్డ్’ మొదటి సీజన్ మొత్తం పారేయాలట. నేను పళ్లెం పట్టుకుని లేచిపోయాను. కోపంలో కూడా పళ్లెం మరిచిపోలేదు, అది వేరే సంగతి.

వాడు అమృతాన్ని తిట్టాడని కాదు నా బాధ. తిట్టుకోవచ్చు. ఇష్టం లేనివాడు తిట్టడు, పక్క చానల్‌కు వెళ్లిపోతాడు. బలహీనమైన ఎపిసోడ్ ఏది అని రాత్రి పన్నెండు దాకా కొట్టుకునేది ప్రాణం పెట్టి చూసినవాళ్లే. నాకు ఒళ్లు మండేది ఆ ‘చెత్త’ అన్న మాటకు. పచ్చికాయ, పురుగు కాయ, మిగలముగ్గిన కాయ, పీచు కాయ అన్నిటినీ ఒకే గోనెలో వేసి ‘చెత్త’ అని చీటీ అంటిస్తే ఎలా? మామిడితోటలున్న జిల్లాల్లో పుట్టినవాళ్లం, ఆ మాత్రం తేడా తెలియదా మనకు?

(గంపలోంచి ఒక కాయ తీసి చూపిస్తూ)

ముందు లెక్క చూద్దాం. అమృతం జెమిని టీవీలో 2001 నవంబరులో మొదలై 2007 నవంబరులో ముగిసింది. 313 ఎపిసోడ్లు. ఆరేళ్లకు ఆదివారాలు లెక్క కట్టండి, దాదాపు అన్నే వస్తాయి. అంటే వాళ్లు ఇంచుమించు ఒక్క వారం కూడా ఊపిరి తీసుకోలేదన్నమాట. ఫ్రెండ్స్ 1994 నుంచి 2004 దాకా పదేళ్లు నడిచింది, మొత్తం 236. సైన్‌ఫెల్డ్ తొమ్మిది సీజన్లకు కలిపి 180. అమెరికా వాళ్లు సెప్టెంబరు నుంచి మే దాకా ఇరవై రెండో ఇరవై నాలుగో తీసి, ఎండాకాలం సెలవు పుచ్చుకునేవారు. మనవాళ్లకు ఎండాకాలమూ లేదు, వానాకాలమూ లేదు.

ఇక మా బావమరిది ఉదాహరణగా చూపించేది బ్రిటిష్ వాళ్ల ‘ఫాల్టీ టవర్స్’. అదీ అమృతంలాగే హోటలు కథే. “అందులో ఒక్క చెత్త ఎపిసోడ్ చూపించు బావా” అంటాడు. ఎలా చూపిస్తానురా? ఉన్నవే పన్నెండు! 1975లో ఆరు, 1979లో ఆరు. నాలుగేళ్లు కూర్చుని చెట్టు మీద నుంచి ఏరి ఏరి కోసిన పన్నెండు పళ్లకూ, తోట మొత్తం దులిపి నింపిన గంపకూ పోటీ పెడితే అది పోటీ ఎలా అవుతుంది? గంపలో నాలుగు పీచు కాయలుంటే తోటమాలిని తిట్టకండి. మూడు వందల కాయల్లో ఎన్ని తియ్యగా ఉన్నాయో చూడండి.

ఇంకో సంగతి ఉంది. మా వాడు అమృతాన్ని ఎప్పుడు చూశాడో తెలుసా? ఆదివారం రాత్రి టీవీ ముందు కూర్చుని కాదు, అప్పటికి వాడు చిన్నపిల్లవాడు. ఈ మధ్య ఫోనులో చూశాడు. ఒక పెళ్లికి వెళ్లి వస్తూ, రైల్లో, ఇంట్లో, మూడు రోజుల్లో నలభై ఎపిసోడ్లు. మా ఊరి సువర్ణరేఖలైనా సరే, వరుసగా నలభై తిని చూడండి. పదో పండుకు నాలుక మొద్దుబారుతుంది. ఇరవయ్యో పండుకు తొక్క వాసన మాత్రమే తెలుస్తుంది. ముప్పయ్యో పండు చేతిలోకి తీసుకుని, “ఇదేమిటి, చప్పగా ఉంది” అంటారు. పండు చప్పన కాలేదు నాయనా, నీ నాలుక అలిసిపోయింది.

వారానికొకసారి చూసేవాడికి, కథలోని స్నేహితులు అమృతం, ఆంజనేయులు కొత్త పథకం వేయడం, అది బెడిసికొట్టడం వారం రోజుల ఎదురుచూపు. వరుసగా చూసేవాడికి అది ‘మళ్లీ అదే కథ’. రాసినవాడు ఏడు రోజుల ఎడం ఉంటుందని నమ్మి రాశాడు. ఆ ఎడం మనం తీసేసి, కథ పునరుక్తమైందని నేరం ఆయన మీద మోపుతున్నాం.

సరే, ఇప్పుడు గంపలోకి వెళదాం.

పచ్చికాయ. అంటే పాత్రలు ఇంకా పక్వానికి రాని తొలి ఎపిసోడ్లు. సైన్‌ఫెల్డ్ మొదటి ఎపిసోడ్ 1989లో వచ్చింది. అందులో ఎలైన్ అనే మనిషే లేదు! క్రేమర్ ఉన్నాడు, కానీ అతని పేరు కెస్లర్. నలుగురు స్నేహితుల కథలో ఒకరు ఇంకా పుట్టలేదు, ఇంకొకరికి వేరే పేరు. ఇక మొదటి సీజన్‌లో ఉన్నవే అయిదు ఎపిసోడ్లు. మా వాడు మొదటి సీజన్ మొత్తం పారేయాలని పెద్ద యుద్ధం ప్రకటించింది ఈ అయిదింటి మీదే. పచ్చికాయను కోసి “తియ్యగా లేదు” అంటే, ఎందుకుంటుంది? అది జూన్‌లో తినవలసిన పండు, నువ్వు మార్చిలో కొరికావు.

(తాండ్ర కాగితం విప్పుతూ)

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయానికి వచ్చాం. తాండ్ర. ఇది మన జిల్లాలోని భీమాలి నుంచి వచ్చింది. ఎలా చేస్తారో మీకు చెప్పనక్కర లేదు. రసం తీసి, తీపి కలిపి, చాపల మీద పూసి ఎండబెట్టి, ఆరాక దాని మీద మళ్లీ పూత. పొర మీద పొర.

సిట్‌కామ్‌లలో సరిగ్గా ఇలాంటి ఎపిసోడ్లు ఉంటాయి. పాత ఎపిసోడ్ల ముక్కలు తీసుకుని, మధ్యలో కాస్త కొత్త సన్నివేశం పూసి, పొర మీద పొర వేసి వదులుతారు. పాత్రలు సోఫాలో కూర్చుని “ఆ రోజు గుర్తుందా?” అనగానే ఏ సీజన్‌దో ముక్క మొదలవుతుంది. ఫ్రెండ్స్‌లో ఇలాంటివి ఆరున్నాయి. మొదటిది 1998లో, అందులోని ఆరుగురు స్నేహితుల్లో ఒకడైన రాస్ పెళ్లి శుభలేఖ చుట్టూ అల్లినది. చివరిది 2004లో, ధారావాహిక ఇంకొన్ని నెలల్లో ముగియబోతుండగా వచ్చింది. అభిమానులు ఎక్కడ జాబితా రాసినా అట్టడుగున ఇవే కనిపిస్తాయి.

ఎందుకు తీస్తారు? డబ్బు, సమయం. ఫ్రెండ్స్ చివరి రెండు సీజన్లలో ఆరుగురు నటులకూ ఎపిసోడ్‌కు తలా పది లక్షల డాలర్లు. ఏడాదికి ఇరవై నాలుగు కథలు రాసే రచయితల బల్ల మీద, ఇరవయ్యో కథ దగ్గరికి వచ్చేసరికి తెల్ల కాగితం తప్ప ఏమీ మిగలదు. అప్పుడు పాత రసమే ఆధారం. ఆ ఆరింటిలో నాలుగు, సీజన్ చివరి అంకంలో, పందొమ్మిదో ఇరవయ్యో ఇరవై ఒకటో స్థానంలోనే వచ్చాయి. ఇది కాకతాళీయం అంటే నేను నమ్మను.

మా బావమరిదికి అర్థం కానిది ఇక్కడే. తాండ్రను ఎప్పుడు తింటాం? గంప నిండా పళ్లున్న మే నెలలో ఎవడైనా తాండ్ర కొరుకుతాడా? కార్తీకంలో, చెట్టు మీద ఒక్క కాయ కూడా లేనప్పుడు, డబ్బాలోంచి తీస్తే అది అమృతం. నేను ధారావాహిక గురించి అనడం లేదు, నిజంగా అమృతం. 1990లలో ఒక ఎపిసోడ్ తప్పిపోతే తప్పిపోయినట్టే. ఎవరైనా టేపు మీద ఎక్కించి ఉంచితే సరే, లేకపోతే చానల్ వాడు మళ్లీ వేసేదాకా మూసుకుని కూర్చోవాలి. అలాంటి రోజుల్లో, నాలుగేళ్ల కిందటి మంచి సన్నివేశాలన్నీ ఒకచోట గుదిగుచ్చి చూపిస్తే అది కానుక. ఈ రోజు? మొత్తం గంప జేబులో ఉంది. ఏ సన్నివేశం కావాలన్నా వేలు ఆనిస్తే వస్తుంది. మే నెలలో తాండ్ర పెట్టి “ఎలా ఉంది?” అని అడుగుతున్నాం, “రసం లేదు” అంటున్నారు. ఎపిసోడ్ మారలేదు, ఋతువు మారింది.

(తాండ్ర కొరికి, నములుతూ)

అంటే తాండ్ర ఎపిసోడ్లన్నీ గొప్పవని అంటున్నానా? లేదు. బద్ధకంగా చేసిన తాండ్ర కార్తీకంలో తిన్నా ఇసుక తగులుతుంది. కరువును మాత్రం సాకుగా ఒప్పుకోను. ఎందుకంటే అదే కరువులో గొప్పవి కూడా పుట్టాయి. 1996లో, ఫ్రెండ్స్ మూడో సీజన్ రెండో ఎపిసోడ్. ఖర్చు తగ్గించాలని ఒకే గదిలో కథ నడిపారు. కొత్త సెట్టు లేదు, అతిథి నటుల హంగామా లేదు. రాస్ అందరినీ ఒక విందుకు తీసుకువెళ్లాలి, ఒక్కరూ తయారవరు. అంతే కథ. ఆ స్నేహితుల్లోనే జోయి చివరికి చాండ్లర్ బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి తొడుక్కుని వస్తాడు. ఈ రోజుకీ అభిమానుల మెప్పు పొందే ఎపిసోడ్ అది. సైన్‌ఫెల్డ్‌లో చైనీస్ రెస్టారెంటు ఎపిసోడ్ కూడా అంతే. 1991లో వచ్చింది. ముగ్గురు మనుషులు బల్ల ఖాళీ అవుతుందని ఎదురుచూస్తూ నిలబడతారు, ఎపిసోడ్ అయిపోతుంది. ఇందులో కథెక్కడుందని చానల్ పెద్దలు అప్పట్లో గొణిగారు కూడా.

ఇంట్లో కూరగాయలు లేని రోజు మా అమ్మ ఒక్క పచ్చి మామిడికాయ కోసి పప్పులో పడేసేది. ఆ రోజు మేం ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తినేవాళ్లం. చేతిలో ఉన్నది ఒకటే కాయ. ఒకరు పప్పు చేశారు, ఇంకొకరు నిరుటి తాండ్ర తీశారు.

అయ్యో, కెమెరాలో ఎర్ర దీపం వెలిగింది. ఇంకా మూడు కాయలున్నాయి. తొందరగా కానిస్తాను.

పుల్లకాయ. అమెరికా సిట్‌కామ్ ‘ది ఆఫీస్’లో 2009 నాటి స్కాట్స్ టాట్స్ ఎపిసోడ్. చదువుకు డబ్బు కడతానని పిల్లలకు ఏళ్ల కిందట మాట ఇచ్చి, ఇప్పుడు చేతులెత్తేసే ఆఫీసు మేనేజరు మైకేల్ కథ. చూస్తుంటే మనకే సిగ్గేస్తుంది. చాలామంది రెండోసారి చూడలేరు. చూడలేకపోతున్నారు కాబట్టి బలహీనం అంటారు. ఆవకాయ కాయను కొరికి పుల్లగా ఉందని ఏడ్చినట్టు. అది పులుపు కోసమే పెంచిన చెట్టు.

అంటు మామిడి. అమృతం పాత్రను ముగ్గురు వేశారు. శివాజీ రాజా, తరువాత నరేష్, తరువాత హర్షవర్ధన్. మనిషి మారిన ప్రతిసారీ తరువాతి కొన్ని వారాలు జనానికి నచ్చవు. అంటు కట్టిన చోట కొన్నాళ్లు మచ్చ కనిపిస్తుంది, తరువాత అదే కాపు కాస్తుంది. అంటు నిలబడడానికి కారణం కింద ఉన్న మొదలు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు ఆ మొదలు. ఆయన 2018లో పోయారు. 2020లో రెండో అమృతం వచ్చినప్పుడు ఎల్.బి. శ్రీరామ్ ఆ పాత్ర వేశారు. ఆయన మంచి నటుడే, కాదనను. అయినా మా ఇంట్లో మొదటి రోజు అందరం ఆంజనేయులి కోసమే వెతుక్కున్నాం.

ఆఖరి పండు. 1998 మేలో సైన్‌ఫెల్డ్ చివరి ఎపిసోడ్‌ను అమెరికాలో ఏడు కోట్లకు పైగా జనం చూశారు. నలుగురినీ కోర్టుకీడ్చి జైల్లో వేశారు. జనం మండిపడ్డారు. గంపలో చివరి పండు కదా, అది తేనెలా ఉండాలని ముందే నిర్ణయించుకుని కూర్చున్నారు. దీని మీద వేరే వీడియో చేయాలి, ఇక్కడ సరిపోదు.

మరి అన్నిటికంటే బలహీనమైన ఎపిసోడ్‌గా నీ ఓటు దేనికని అడుగుతారు. తప్పించుకోను. 2002 డిసెంబరులో వచ్చిన ఫ్రెండ్స్ క్రిస్మస్ ఎపిసోడ్. చాండ్లర్ తల్సా ఊళ్లో చిక్కుకుపోయిన కథ. నిఖార్సయిన తాండ్ర, అదీ ఇసుక తగిలే రకం. కానీ చివర్లో చాండ్లర్ ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేస్తాడు. ఆ తరువాత అతని జీవితం మలుపు తిరిగేది అక్కడి నుంచే. తాండ్ర మధ్యలో దాచిన పచ్చి ముక్క లాంటిది ఆ సన్నివేశం. మా బావమరిది దాన్ని కూడా తీసేయమంటాడు. తీసేస్తే తరువాతి ఎపిసోడ్‌లో చాండ్లర్ ఇంట్లో ఎందుకు కూర్చున్నాడో వాడే వచ్చి చెప్పాలి, అప్పుడు నేను...

(ఫ్యాను చప్పుడు నెమ్మదించి ఆగిపోతుంది. గది చీకటి పడుతుంది.)

కరెంటు పోయింది. చూశారా, ఇప్పుడు చప్పుడు లేదు. ఇప్పుడే బాగా వినిపిస్తుంది. ఎర్ర దీపం ఇంకా ఉందా? ఉంటే ఇంకో కాయ గురించి...

(తెర నల్లబడుతుంది.)