ఆరు సిట్టింగుల్లో ‘శక్తి’ తిరిగొస్తుందా? షాక్‌వేవ్ ప్రకటనలపై చర్చ

మోడరేటర్: నమస్తే. అంగస్తంభన సమస్యకు ‘మందుల్లేవు, నొప్పి లేదు, ఆరు సిట్టింగులు చాలు’ అంటూ షాక్‌వేవ్ అనే ధ్వని తరంగాల చికిత్స ప్రకటనలు ఫోన్లను ముంచెత్తుతున్నాయి. వైద్యమా, వ్యాపారమా? ముగ్గురికీ సమాన సమయం. ముందు క్లినిక్ డాక్టర్ గారు.

క్లినిక్ డాక్టర్: ఇదేమీ గాలి వైద్యం కాదండీ. 2010లో ఇజ్రాయెల్‌లో వార్డీ బృందం 20 మంది మీద చేసి చూపించింది. జెల్ రాసి ఐదు చోట్ల ప్రోబ్, అంటే తరంగాలు పంపే చేతి పరికరం, పెడతాం. అంగం పొడవునా మూడు, అంగం మొదలు దగ్గర అటొకటి ఇటొకటి. చోటుకు 300 చొప్పున 1,500 తరంగాలు, నిమిషానికి 120. మత్తు అక్కర్లేదు. కొత్త రక్తనాళాలు పుట్టి...

యూరాలజిస్ట్: అది ఎలుకల్లో చూసింది. మనుషుల్లో...

క్లినిక్ డాక్టర్: నన్ను పూర్తి చేయనివ్వండి సార్!

మోడరేటర్: ఒక్క నిమిషం. కుర్రాళ్లకు ఇది రాత్రంతా ఫోన్ చూడటం వల్లే కదా?

యూరాలజిస్ట్: ఫోన్ సంగతి తర్వాత. ఆ 20 మందీ సిల్డెనాఫిల్ లాంటి అంగస్తంభన మాత్ర పనిచేస్తున్నవాళ్లే. వారానికి రెండు చొప్పున మూడు వారాలు, మూడు వారాలు విరామం, మళ్లీ మూడు వారాలు. మొత్తం 12 సిట్టింగులు. మీ ప్రకటనలో ఆరే ఉన్నాయి.

క్లినిక్ డాక్టర్: ఆరింటికే తేడా కనబడితే పన్నెండెందుకు? యూరప్ యూరాలజీ సంఘమే ఒప్పుకుంది!

యూరాలజిస్ట్: ‘బలహీన సిఫార్సు’ అని రాసింది, అదీ ప్రధానంగా రక్తనాళాల వల్ల వచ్చే తేలికపాటి సమస్యకు. అమెరికా సంఘం 2018లో పరిశోధన దశే అంది. ప్రోస్టేట్ ఆపరేషన్‌లో నరం దెబ్బతిన్నవాడికీ ఇదే ప్యాకేజీ అమ్మితే ఎలా? ముందు రక్తప్రసరణ చూసే డాప్లర్ స్కాన్ తీశారా?

మోడరేటర్: కిడ్నీ రాళ్లు పగలగొట్టేది ఇదే మెషీన్ కదా? మరి ఇక్కడ ఏదైనా పగిలితే?

యూరాలజిస్ట్: సూత్రం అదే, శక్తి బాగా తక్కువ. ఇక్కడ చదరపు మిల్లీమీటరుకు 0.09 మిల్లీజౌళ్లే. అసలు గొడవ మెషీన్‌లోనే ఉంది. ఫోకస్డ్ అయితే తరంగం లోపల ఒకచోట కేంద్రీకరిస్తుంది. రేడియల్‌లో గాలి ఒత్తిడితో లోహపు గుండు ప్రోబ్ కొసను కొడుతుంది. బలమంతా చర్మం దగ్గరే, లోపలికి పోయేకొద్దీ చెదిరిపోతుంది. ఫిజియోథెరపీలో మడమ నొప్పికి వాడేది అదే. మీ దగ్గర ఏది?

క్లినిక్ డాక్టర్: మాది ఇంపోర్టెడ్ మెషీన్.

యూరాలజిస్ట్: ఇంపోర్టెడే కానివ్వండి. రేడియల్‌కి గాలి ఒత్తిడినిచ్చే కంప్రెసర్ ఉందా?

క్లినిక్ డాక్టర్: ఉంటే నేరమా? గుండెనొప్పికి నైట్రేట్ వాడేవాళ్లు సిల్డెనాఫిల్ వేసుకోకూడదు. వాళ్లకు మీరేమిస్తారు, చెప్పండి! చెప్పండి సార్!

(ఇద్దరూ ఒకేసారి)

మోడరేటర్: షుగర్ డాక్టర్ మేడమ్, పది సెకన్లు.

షుగర్ డాక్టర్: అంగంలోని ధమనులు గుండె ధమనులకంటే సన్నం. పూడిక ప్రభావం ముందు ఇక్కడే తెలుస్తుంది. గుండెకు ముప్పుందని చెప్పే సూచన ఇది కావచ్చు. ప్రోబ్ పెట్టేముందు మూడు నెలల షుగర్, కొలెస్ట్రాల్, ఉదయంపూట టెస్టోస్టెరాన్...

క్లినిక్ డాక్టర్: అవన్నీ మేం చేయిస్తాం మేడమ్! గుండె డాక్టర్ దగ్గరికీ మేమే పంపుతాం! చోటుకు 300, ఐదు చోట్ల...

యూరాలజిస్ట్: 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం కింద లైంగిక శక్తి పెంచుతామని ప్రకటించడమే నిషేధం.

క్లినిక్ డాక్టర్: గోడల మీద చూర్ణాల పోస్టర్లను అడగరేం? మెషీన్ పెట్టినవాడే దొంగా?

మోడరేటర్: పాయింటే! చూర్ణాల మీద ఇంకోసారి మాట్లాడదాం. డాక్టర్ గారూ, చివరి ముప్పై సెకన్లు మీవే. ఫోన్ పక్కన పెట్టి పడుకోమంటారు, అంతేనా?

క్లినిక్ డాక్టర్: తప్పకుండా. ఆ కౌన్సెలింగ్ కూడా ప్యాకేజీలో ఉంది. 1,500 తరంగాలు, నొప్పి ఉండదు...

యూరాలజిస్ట్: కంప్రెసర్ ఉందా లేదా, అది...

మోడరేటర్: సార్, టైమ్ లేదు. బ్రేక్ తర్వాత వాతావరణం.