ఆడబిడ్డకు మగపేరు: తోక తెగిన పేర్ల సంగతి

[తెరపై: చందుపట్ల శాసనం]

నమస్కారం. నల్లగొండ జిల్లా నకిరేకల్ మండలంలోని చందుపట్లలో ఒక రాతి శాసనం ఉంది. కాకతి రుద్రమదేవి 1289 నవంబరులో మరణించిందని మనం చెప్పుకోగలుగుతున్నామంటే దానికి ఆధారం ఆ రాయే. ఆమెను అనేక శాసనాలు రుద్రదేవ మహారాజు అనే పేర్కొంటాయి. కొడుకులు లేని గణపతిదేవుడు కూతురికి రాజ్యాన్ని అప్పగించినప్పుడు, ఆ రాజ్యాన్ని సామంతుల ముందు నిలబెట్టడానికి మగపేరు కూడా అవసరమైంది. ఏడు వందల ఏళ్లు దాటినా, "మా ఇంటికి కొడుకైనా ఈమే, బిడ్డైనా ఈమే" అంటూ కూతురికి మగపేరు పెట్టే తండ్రి మనసులో ఆ లెక్క కొంత మిగిలే ఉంది. అయితే ఈ ఒక్క కారణం చెప్పి ఊరుకుంటే మన ఊళ్ల పేర్లకు అన్యాయం చేసినట్లే.

[తెరపై: యాదగిరిగుట్ట, జాన్‌పహాడ్ దర్గా]

మన వైపు పేరు ముందు దేవునిది, తర్వాతే బిడ్డది. సంతానం కోసం గుట్టకు మొక్కుకున్న దంపతులకు కొడుకు పుడితే యాదయ్య, కూతురు పుడితే యాదమ్మ. చెరువుగట్టు రామలింగేశ్వరునికి, దురాజ్‌పల్లి లింగమంతులస్వామికి మొక్కిన ఇళ్లలో లింగయ్యలు, లింగమ్మలు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కిన హిందువుల ఇళ్లలో సైదులు, సైదమ్మ. పేరు మగదేవునిదే అయినా బిడ్డ ఆడో మగో చెప్పేది చివరనున్న తోక మాత్రమే. పైగా ఈ రాకపోకలు రెండు వైపులా సాగేవి. మైసమ్మ పేరు మైసయ్యగా, ఎల్లమ్మ పేరు ఎల్లయ్యగా మగపిల్లలకు నిస్సంకోచంగా పెట్టుకున్నారు. అమ్మవారి పేరు మోసినందుకు ఏ ఎల్లయ్యా చిన్నబుచ్చుకున్నట్టు నేను వినలేదు.

పిల్లలు పట్నం బడులకు వెళ్లడం మొదలయ్యాక అయ్య, అమ్మ అనే తోకలు మోటుగా తోచాయి, కత్తిరించాం. తోక తెగగానే మిగిలినవి శశి, సాయి, కృష్ణ వంటి పేర్లు. వీటిలో కృష్ణ ముచ్చట వేరు. ద్రౌపదికి ఉన్న మరో పేరు కృష్ణా, సంస్కృతంలో అది చివర దీర్ఘంతో ఉంటుంది. తెలుగులో ఆ దీర్ఘం హ్రస్వమై, దేవుడూ ద్రౌపదీ ఒకే రాతలో కలిసిపోయారు. పాలమూరు నేలను ఒరుసుకుంటూ పారే నది పేరూ అదే కనుక, ఆడపిల్లకు ఆ పేరు పెట్టాలంటే ఎవరి అనుమతీ అక్కరలేదు.

[తెరపై: మల్లు స్వరాజ్యం ఛాయాచిత్రం]

ఉద్యమాలు మరో దారి తెరిచాయి. సాయుధ పోరాటంలో తుపాకి పట్టి, 1978లోను, 1983లోను తుంగతుర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన మల్లు స్వరాజ్యానికి ఆ పేరు గాంధీజీ పిలుపు వేడిలో పెట్టినది. అది దేవత పేరు కాదు, పూల పేరూ కాదు, ఒక రాజకీయ కోరిక. క్రాంతి అనే పేరు ఆడా మగా ఇద్దరికీ చెల్లడం కూడా ఆ కోవలోదే.

ఇక నేటి తల్లిదండ్రుల విషయం. పేరు చూడగానే ఆడపిల్ల అని తెలిసి ఎవరూ తక్కువ అంచనా వేయకూడదన్నది చాలామంది చెప్పే కారణం. ఆ జాగ్రత్త అర్థమయ్యేదే, కానీ దాని ఖర్చు కూడా బిడ్డే కడుతుంది. మా బంధువుల అమ్మాయి పేరు కిరణ్. ఉత్తరాదిలో అది ఆడపిల్లల్లోనూ బాగా వినిపించే పేరే. 1972లో ఐపీఎస్‌లో చేరిన తొలి మహిళ కిరణ్ బేడీయే కదా. మన దగ్గర మాత్రం ఒక కార్యాలయంలో ఆమె ధ్రువపత్రంపై "కుమార్తె" అని ఉండవలసిన చోట "కుమారుడు" అని అచ్చు వేశారు. ఒక్క మాట దిద్దించడానికి మూడుసార్లు తిరిగింది. కాగితం మీద దాగే సంగతి నోట మాత్రం దాగదు. "కిరణ్ వచ్చింది" అనగానే క్రియ గుట్టు విప్పేస్తుంది.

నాకు అసలు ఇబ్బందిగా తోచేది వేరే ఉంది. ఎల్లయ్యల కాలంలో రెండు వైపులా నడిచిన దారి ఇప్పుడు ఒకవైపే నడుస్తోంది. కూతురికి మగపేరు పెడితే ధైర్యం అంటారు. కొడుకుకు ఆడపేరు పెడితే నవ్వుతారు. ఇంగ్లండులోనూ ఇదే జరిగింది. షర్లీ ఒకప్పుడు మగపేరు. 1849లో వచ్చిన ఒక నవలలో, కొడుకు కోసం ఎదురుచూసిన తల్లిదండ్రులు కూతురికి ఆ పేరు పెట్టారు. ఆ తర్వాత అది ఆడపిల్లల పేరుగానే స్థిరపడి, మగపిల్లలకు దాదాపు దూరమైంది.

[తెరపై: తొట్టెల, చీర ఊయల]

మొన్న దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో తొట్టెలకు వెళ్లాను. మేనత్త బిడ్డ చెవిలో మూడుసార్లు "విహాన్" అని చెప్పింది. నానమ్మ ముఖం చిట్లించి, "ఇది మగపిలగాని పేరు లెక్కున్నదేందే?" అని కోడలిని అడిగింది. కోడలు నవ్వి ఊరుకుంది. భోజనాలయ్యాక బిడ్డ ఏడుపందుకుంటే, ఆ ముసలమ్మే తొట్టె తాడు పట్టుకుని ఊపుతూ, "ఊకో విహానమ్మా, ఊకో" అంటోంది.