సెయిల్‌బోట్‌కి కొత్త స్టీరింగ్ వేశాను: చక్రం తేలిగ్గా తిరిగితే సరిపోతుందా?

ముందు ఈ క్లిప్ చూడండి. రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి తిప్పుతున్నాను, అయినా చక్రం కదలనంటోంది. చిన్నప్పుడు ఆగి ఉన్న అంబాసిడర్ కార్లో కూర్చుని స్టీరింగ్ తిప్పేవాళ్ళం చూడండి, అచ్చం అలాగే ఉండేది. ఇప్పుడు ఇది, నిన్న తీసింది. ఒక్క చెయ్యి, అదీ టీ కప్పు రెండో చేతిలో పెట్టుకుని.

నమస్కారమండీ. నేను ఉండేది డాలస్‌లో, నా పడవ ఉండేది లేక్ లూయిస్‌విల్‌లో. పడవ మాక్‌గ్రెగర్ 26ఎక్స్. దాదాపు 26 అడుగులు, ట్రెయిలర్ మీద ఇంటికి తెచ్చుకోవచ్చు. బరువు కోసం అడుగున నీళ్ళు నింపుకుంటుంది. తెరచాప ఉంది, 50 హార్స్‌పవర్ దాకా మోటారూ పెట్టుకోవచ్చు. కాలిఫోర్నియాలోని కోస్టా మేసాలో చేసేవాళ్ళు. ఈ మోడల్ 2002తో ఆగిపోయింది, కాబట్టి ఇప్పుడు ఎవరి దగ్గరున్నా ఇరవై ఏళ్ళు దాటిన పడవే. స్టీరింగ్ బిగుసుకుపోయిందని దాన్ని తిట్టడం అన్యాయం. నాకు ముందు వాడినవాళ్ళూ గ్రీజు పెట్టలేదు, నేనూ పెట్టలేదు.

ఇది ఎలా పనిచేస్తుందో చెబుతాను, ఆగండి. చక్రం వెనక గేరు డబ్బా ఒకటి ఉంటుంది, దాన్ని హెల్మ్ అంటారు. అక్కణ్ణుంచి వేలంత లావు కేబుల్ కాక్‌పిట్ కిందుగా వెనక్కి పోతుంది. సైకిల్ బ్రేకు కేబుల్ లాగుతుందే గానీ నెట్టలేదు కదా, ఇది లాగుతుంది, నెడుతుంది కూడా. వెనక రెండు చుక్కానులు, రెండింటినీ కలుపుతూ ఒక కడ్డీ. మోటారు కూడా చిన్న లింకుతో ఆ కడ్డీకే. తెరచాప మీద పోతున్నప్పుడు ఆ లింకు ఊడదీసుకోవచ్చు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు, చక్రం తిరగట్లేదు కాబట్టి మొత్తం కిట్ ఆర్డర్ చేసెయ్యడం. నేనూ కార్టులో పెట్టేశాను. తర్వాత బుద్ధి పుట్టి, వెనక్కి వెళ్ళి కడ్డీ దగ్గర కేబుల్ విప్పాను. ముందు చుక్కానులను చేత్తో తోశాను, అవి హాయిగా తిరిగాయి. మోటారూ అంతే. ఇప్పుడు ఏ బరువూ లేకుండా చక్రం తిప్పితే, అదే మొరాయింపు. అంటే జబ్బు కేబుల్లోనో హెల్మ్‌లోనో ఉంది. మీకు దీనికి తిరగబడి వస్తే, అంటే చక్రం తేలిగ్గా తిరిగి చుక్కాని బిగుసుకుంటే, కిట్ కొనకండి. చుక్కాని బోల్టులు, వాషర్లు, మోటారు తిరిగే గొట్టం చూసుకోండి. ఖర్చు పది డాలర్లతో పోవచ్చు.

కేబుల్ పొడవు సంగతి. పాత కేబుల్ తొడుగు మీద నంబరు ఉంటుంది, చివరి రెండంకెలే అడుగుల్లో పొడవు. నా దాని మీద చెరిగిపోయింది. అప్పుడు పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు మాత్రం అంగుళాల్లో కొలిచి, దానికి 18 కలిపి, 12తో భాగించాలి. ఇది రోటరీ రకానికి, అంటే హెల్మ్‌లో గుండ్రటి గేరు ఉండేదానికి. ర్యాక్ రకం, అంటే గుండ్రటి గేరు బదులు పళ్ళున్న తిన్నని కడ్డీ ఉండేది అయితే, లెక్క వేరు. నేనేం చేశానంటే, చక్కగా కొలిచాను, రెండుసార్లు కొలిచాను, ఆ 18 కలపడం మర్చిపోయాను. అడుగున్నర పొట్టి కేబుల్ ఇంటికొచ్చింది. వెనక్కి పంపి ఇంకోటి తెప్పించేసరికి గాలి బాగున్న రెండు వారాంతాలు పోయాయి.

కిట్ ఏది? పాత కేబుల్ మీద టెలిఫ్లెక్స్ అని ఉంటే కంగారు పడకండి, అదే వ్యాపారం 2011లో సీస్టార్ అయింది, 2017లో డొమెటిక్ కొనుక్కుంది. ఇప్పుడు బాక్సు మీద ఆ పేర్లు ఉంటాయి. నేను తీసుకున్నది సేఫ్-టీ క్యూసీ, వాళ్ళ మామూలు రోటరీ రకం. ఎవరూ ఫ్రీగా ఇవ్వలేదు, హెల్మూ కేబులూ కలిపి సుమారు 260 డాలర్లు నా జేబులోంచే పోయాయి.

దీనిపైన ఖరీదైనది ఒకటుంది, నో ఫీడ్‌బ్యాక్ 4.2 అని. లోపల క్లచ్ ఉంటుంది. మోటారు ఒక పక్కకి లాగినా ఆ లాగుడు చక్రానికి చేరదు, చెయ్యి వదిలేసినా ఎక్కడుందో అక్కడే ఉంటుంది. షాపులో అడిగితే అదే తీసుకోమంటారు. మోటారు బోటుకైతే నేనూ అదే చెబుతాను.

కానీ మనది తెరచాప పడవ. గాలి పెరిగితే పడవ ఒరుగుతుంది, ముక్కు గాలివైపు తిరగాలని చూస్తుంది, ఆ బరువు చుక్కాని మీద పడి చేతికి తెలుస్తుంది. హుస్సేన్ సాగర్‌లో లేజర్ పడవలు, అంటే ఒక్కరు నడిపే చిన్న తెరచాప పడవలు, నడిపినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, వాళ్ళకి చక్రం ఉండదు, చేతిలో ఉండేది చుక్కానికి నేరుగా తగిలించిన కర్రే. తెరచాప వదులు చెయ్యాలా, కాస్త మడవాలా అన్నది ఆ కర్ర బరువును బట్టే తెలిసిపోతుంది. మా పక్క స్లిప్‌లో, అంటే పడవ కట్టుకునే చోట, ఇదే పడవ ఉన్న మిత్రుడు 4.2 వేయించుకున్నాడు. ఏప్రిల్లో దక్షిణపు గాలి జోరుగా ఉన్న రోజు అతని పడవ నడిపాను. చక్రం వెన్నలా తిరుగుతోంది, నాకేమో కళ్ళకి గంతలు కట్టినట్టుంది. చుక్కాని ఎంత కష్టపడుతోందో వెనక్కి తిరిగి నీళ్ళు చూస్తే గానీ తెలియలేదు. పైగా ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగు చుట్లకు పైనే, పడవ మలుపు తిప్పేటప్పుడు ఆయాసం వస్తుంది. అతనికి మాత్రం నచ్చింది. మోటారు మీదే ఎక్కువ తిరుగుతాడు, చక్రం వదిలేసి తాడు లాక్కోవచ్చు అంటాడు. అదీ నిజమే.

సరే, బిగింపు. పాత చక్రం తీయడమే సగం పని. నట్టు పూర్తిగా తీసెయ్యకండి, రెండు మూడు మరలు ఉంచి చక్రాన్ని మీ వైపు లాగుతూ ఇరుసు మీద రబ్బరు సుత్తితో కొట్టాలి. నట్టు లేకుండా లాగితే ఊడినప్పుడు చక్రం మూతికి తగులుతుంది. ఇరుసు ముప్పావు అంగుళం సైజే కాబట్టి నా పాత చక్రం కొత్త హెల్మ్‌కి సరిపోయింది.

కొత్త కేబుల్ లాగేటప్పుడు పాతదాని చివరకి తాడు కట్టి లాగాను, తాడు దారి చూపించింది. ఎక్కడా మరీ మడత పడనివ్వకండి, వంపు వ్యాసార్ధం 8 అంగుళాలకి తగ్గకూడదు. అంతా బిగించి, మా బావమరిదిని వెనక నిలబెట్టి చక్రం తిప్పాను. "బావా, నువ్వు కుడికి తిప్పుతున్నావా, ఎడమకా?" అన్నాడు. కుడికి అన్నాను. "మరి ఇదేంటి అటు పోతోంది?" హెల్మ్‌లో కేబుల్ ఎక్కించాల్సిన పక్కకి కాకుండా రెండో పక్కకి ఎక్కించాను. మళ్ళీ విప్పడం, మళ్ళీ బిగించడం. ఇది నీళ్ళలో దింపాక తెలిసుంటే పక్క పడవ మీదకి ఎక్కేసేవాళ్ళం. వెనక వాడే లాక్ నట్లు మాత్రం కొత్తవే వెయ్యండి, పాతవి మళ్ళీ పట్టవు.

గ్రీజు గురించి ఒక్కటి, ఇది జాగ్రత్తగా వినండి. కేబుల్ కొన దూరే గొట్టానికి గ్రీజు నిపుల్, అంటే గ్రీజు కొట్టే చిన్న మూతి, ఉంటే, ముందు చక్రం తిప్పి కేబుల్ కొనన ఉన్న కడ్డీని పూర్తిగా లోపలికి లాక్కోవాలి, ఆ తర్వాతే గ్రీజు కొట్టాలి. కడ్డీ బయటికి చాపి ఉన్నప్పుడు కొడితే గ్రీజు లోపల ఇరుక్కుని స్టీరింగ్ తాళం వేసినట్టు ఆగిపోతుంది. కొత్త కేబుల్ కూడా ఆగిపోతుంది.

ఇప్పటికి ఆరుసార్లు తీసుకెళ్ళాను. మోటారు మీద గట్టిగా పోతుంటే చక్రం కొంచెం ఒక పక్కకి లాగుతుంది, చెయ్యి తియ్యలేను. తెరచాప మీద మాత్రం గాలి పెరిగిన సంగతి నాకు చెయ్యే చెబుతోంది, నాకు కావలసిందీ అదే. రేపు నా మనసు మారినా కేబుల్ అలాగే ఉంచి 4.2 హెల్మ్ ఒక్కటి కొనుక్కుంటే సరిపోతుంది, రెండింటికీ కేబుల్ ఒకటే.

ఆ, పాత కేబుల్ కోసి చూశాను. ఇదిగో. పైన ప్లాస్టిక్ కొత్తదానిలా మెరుస్తోంది. ఇక్కడ, వెనక కొస నుంచి రెండడుగుల మేర లోపల చూడండి, తీగంతా తుప్పు. నీళ్ళు ఆ కొస నుంచే ఎక్కాయి. హెల్మ్ విప్పితే అది బాగానే ఉంది, దాన్ని దాచుకున్నాను.