లయలో ఏడు మిల్లీసెకన్లు: జె డిల్లా పనితనం

శ్రోతలకు నమస్కారం.

ప్రొడ్యూసర్ అనగానే మనకు సినిమాకు డబ్బు పెట్టే నిర్మాత గుర్తొస్తాడు. పాప్, హిప్ హాప్ పాటల్లో ఆ మాటకు అర్థం వేరు. గాయకుడో రాపరో గొంతు కలిపే ముందు కింద పరిచే సంగీతమంతా కట్టేవాణ్ణి అక్కడ ప్రొడ్యూసర్ అంటారు. డ్రమ్స్ ఎక్కడ పడాలి, బేస్ ఎంత లోతుగా మోగాలి, ఏ పాత రికార్డులోంచి ఏ ముక్క తీసుకోవాలి, చరణం మధ్యలో ఎక్కడ అన్నీ ఆపేసి గొంతు ఒక్కదాన్నే వదలాలి, ఇవన్నీ అతని నిర్ణయాలే. మన సంగీత దర్శకుడు, కీబోర్డ్ ప్రోగ్రామర్, రికార్డింగ్ ఇంజనీరు చేసే పనులు మూడూ ఒకే మనిషి చేతిలో కొంచెం కొంచెంగా ఉంటాయనుకోండి.

ఈ వృత్తిని ఒక్క మనిషిని పట్టుకుని చూస్తే బాగా అర్థమవుతుంది. అతని పేరు జేమ్స్ యాన్సీ. లోకానికి జె డిల్లా. 1974 ఫిబ్రవరి 7న అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టాడు. 2006 ఫిబ్రవరి 10న, 32 ఏళ్ళు నిండిన మూడో రోజున, లాస్ ఏంజెలిస్‌లో చనిపోయాడు. హిప్ హాప్‌లో డ్రమ్స్ నడకను అంతగా మార్చినవాళ్ళు మరొకరు లేరని నా నమ్మకం.

తండ్రి జాజ్ బేస్ వాయించేవాడు, తల్లి పాడేది. ఇంటినిండా రికార్డులే. కోనంట్ గార్డెన్స్ అనే పేటలో పెరిగాడు. అదే పేటలో యాంప్ ఫిడ్లర్ అనే కీబోర్డ్ విద్వాంసుడు ఉండేవాడు. ఆయన తన ఇంట్లో ఉన్న ఎం.పి.సి. యంత్రాన్ని ఈ కుర్రాడి ముందు పెట్టి, మాన్యువల్ చూడకుండా నేర్చుకోమన్నాడు. ఆ మాట ఫలితం తర్వాత కట్టిన ప్రతి బీట్‌లోనూ, అంటే పాట కింద పరిచే ప్రతి సంగీతంలోనూ, వినిపిస్తుంది.

ఇంతకీ ఆ యంత్రం ఏమిటి? డిల్లా ఎక్కువగా వాడింది ఎం.పి.సి. 3000. రోజర్ లిన్ రూపకల్పన చేస్తే, అకాయ్ కంపెనీ 1994లో విడుదల చేసింది. పైన నాలుగు వరసల్లో 16 రబ్బరు ప్యాడ్‌లుంటాయి. ఒక్కో ప్యాడ్‌కు ఒక్కో శబ్దం కట్టుకుని వేళ్ళతో వాయిస్తారు. నెమ్మదిగా తడితే మెల్లగా, గట్టిగా కొడితే గట్టిగా మోగుతుంది. మామూలుగా దాని జ్ఞాపకశక్తి 2 మెగాబైట్లు, అంటే మోనోలో 22 సెకన్ల శబ్దం కూడా పూర్తిగా పట్టదు. 16 మెగాబైట్లకు పెంచుకుంటే మూడు నిమిషాలు దాటుతుంది. పని ముగిశాక ఫ్లాపీ డిస్క్‌లో దాచుకోవాలి. ఆ డిస్క్ చెడితే రాత్రంతా పడిన కష్టం పోయినట్టే. 

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. దీనికి కాస్త లెక్క కావాలి, ఓపిక పట్టండి.

నిమిషానికి 90 దెబ్బల వేగం అనుకోండి. ఒక్కో దెబ్బకు 667 మిల్లీసెకన్లు. ఎం.పి.సి. ఆ దెబ్బను 96 గళ్ళుగా విడగొడుతుంది. అంటే ఒక్కో గడి దాదాపు 7 మిల్లీసెకన్లు. దెబ్బలో నాలుగో వంతు, అంటే హై-హ్యాట్ అనే జంట తాళాలు టిక్ టిక్ మని కొట్టే అంతరం, 24 గళ్ళు. వేళ్ళతో వాయించింది కొంచెం అటూ ఇటూ అయినా, యంత్రం దాన్ని లాక్కొచ్చి, 24 గళ్ళకొకటిగా ఉన్న చోట్లలో దగ్గరిదాని మీద కూర్చోబెడుతుంది. దీన్నే క్వాంటైజ్ చేయడం అంటారు. అన్నీ అలా కూర్చుంటే పాట కుట్టుమిషను చప్పుడులా ఉంటుంది.

ఈ బిగువు సడలించడానికే స్వింగ్ అనే అమరిక పెట్టాడు రోజర్ లిన్. 50 శాతం దగ్గర పెడితే జంటలో రెండు టిక్కులకూ సమాన కాలం. 54 దగ్గర పెడితే రెండో టిక్కు 24వ గడిలో కాకుండా 26వ గడిలో పడుతుంది, 14 మిల్లీసెకన్ల ఆలస్యం. 66 దగ్గరికి వస్తే 32వ గడిలో పడుతుంది, అది మనకు తెలిసిన తిశ్రం ఊపు. చాలామంది ప్రొడ్యూసర్లు ఒక స్వింగ్ ఎంచుకుని పాటంతా దానికే కట్టేసేవాళ్ళు.

డిల్లా చేసింది వేరు. హై-హ్యాట్‌కు ఒక స్వింగ్ ఇచ్చాడు, కాలితో మోగించే పెద్ద డ్రమ్ అయిన కిక్‌ను దాని దారిన వదిలాడు, చురుగ్గా మోగే చిన్న డ్రమ్ అయిన స్నేర్‌ను ఉండాల్సిన చోటు కంటే కొన్ని గళ్ళు ముందుకు జరిపాడు. ఒకే బీట్‌లో మూడు గడియారాలు నడుస్తున్నట్టు ఉంటుంది. స్నేర్ తొందరపడుతుంది, కిక్ బద్ధకంగా వస్తుంది, రెంటి మధ్యా తల దానంతటదే ఊగుతుంది. మీరే బల్ల మీద కొట్టి చూడండి. కుడిచేత్తో సమంగా దెబ్బలు వేస్తూ, ఎడమచేతి దెబ్బను కుడిదానికి వెంట్రుకవాసి ముందు వేయండి. రెండు చేతులూ ఒక్కసారే పడినప్పటి కంటే ఆ దెబ్బకు బరువు ఎక్కువ వినిపిస్తుంది.

ఇది విని కొత్తవాళ్ళు క్వాంటైజ్ పూర్తిగా ఆపేసి వాయిస్తారు. అక్కడే చెడుతుంది. అలా వాయిస్తే ప్రతి ఆవృత్తిలోనూ తప్పు ఒక్కోచోట పడుతుంది, చెవికి అది చేతకానితనంగానే తోస్తుంది. డిల్లా బీట్‌లో వంకర ప్రతి రెండు లేదా నాలుగు ఆవర్తాలకూ సరిగ్గా అదే చోట తిరిగొస్తుంది. రెండోసారికి చెవి దాన్ని నమ్ముతుంది, మూడోసారికి దానికోసం ఎదురుచూస్తుంది. ఇంకో జాగ్రత్త: ఒకటి రెండు గళ్ళ జరుపుతో మొదలుపెట్టాలి. నాలుగు గళ్ళు దాటితే, కలిసి మోగాల్సిన రెండు డ్రమ్‌లూ విడివిడి దెబ్బల్లా వినిపిస్తాయి. వేగం పెంచితే గడి చిన్నదవుతుంది. 120 దగ్గర అది 5 మిల్లీసెకన్లే. కాబట్టి 90కి కుదిరిన లెక్క అక్కడ కుదరదు.

ఇక శాంపిల్ సంగతి. పాత రికార్డులోంచి తీసుకునే ముక్కను శాంపిల్ అంటారు. ఎం.పి.సి. కంటే ముందు వచ్చిన ఎస్.పి. 1200 యంత్రంలో మొత్తం 10 సెకన్లే పట్టేవి. అందుకని నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన ఎల్.పి.ని 45 చుట్ల వేగంతో తిప్పి ఎక్కించేవాళ్ళు, యంత్రంలో మళ్ళీ అయిదు స్వరస్థానాలు కిందికి దించేవాళ్ళు. 10 సెకన్ల చోటులో పదమూడున్నర సెకన్ల సంగీతం ఇరికేది. శబ్దం కాస్త గరుకుగా మారేది. ఆ గరుకే ఆ కాలపు హిప్ హాప్‌కు గుర్తుగా నిలిచింది.

ముక్కలు కోసేటప్పుడు రెండు తప్పులు తరచుగా జరుగుతాయి. ఒకటి, ప్రతి ముక్క మొదట్లో టక్కుమనే చప్పుడు. శబ్ద తరంగం సున్నా గీతను దాటే చోట కాకుండా మధ్యలో కోయడమే కారణం. కోత చోటు సరిచేసినా, శబ్దం సున్నా నుంచి మెల్లగా పెరిగేలా రెండు మూడు మిల్లీసెకన్ల ఫేడ్ ఇచ్చినా పోతుంది. రెండోది, పాత రికార్డులోని బేస్, కొత్తగా వేసిన బేస్ కొట్టుకుని బురదలా మోగడం. శాంపిల్‌లో 200 హెర్ట్జ్ కిందున్నదాన్ని ఫిల్టర్‌తో తీసేస్తే కొత్త బేస్‌కు చోటు దొరుకుతుంది. డిల్లా ఈ ఫిల్టర్లతో చేసిన పని వినదగింది. 1995లో ఫార్‌సైడ్ బృందానికి కట్టిన పాటలో స్టాన్ గెట్జ్, లూయిజ్ బోన్‌ఫాల బ్రెజిల్ గిటారు ముక్క తీసుకుని డ్రమ్స్ పక్కన ఎంత ఒద్దికగా కూర్చోబెట్టాడో వింటేగానీ తెలియదు.

ఆ పాట అతనికి ఎలా దక్కింది? 1994లో ఒక సంగీత యాత్ర డెట్రాయిట్‌కు వచ్చినప్పుడు, ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ బృందంలోని క్యూ-టిప్‌కు యాంప్ ఫిడ్లర్ ఈ కుర్రాణ్ణి పరిచయం చేశాడు. క్యాసెట్ చేతులు మారింది, క్యూ-టిప్ ద్వారా ఫార్‌సైడ్ దాకా దారి పడింది. ఈ రంగంలో అర్జీ అంటే అదే, బీట్ టేప్. ఒక్కో బీట్ నిమిషం పాటు, వరసగా పది ఇరవై. రాపర్ విని తనకు నచ్చింది ఎంచుకుంటాడు. ఎంచుకున్నాక స్టూడియోలో డ్రమ్స్, బేస్, శాంపిల్ వేటికవి విడి ట్రాకుల్లోకి ఎక్కించాలి. ఎం.పి.సి. 3000కు విడి అవుట్‌పుట్‌లు ఎనిమిది. అంతకు మించితే టైమ్ కోడ్, అంటే యంత్రాన్నీ టేపునూ ఒకే కాలంలో నడిపే సంకేతం, కట్టి రెండో విడత ఎక్కించాలి. అన్నీ కలిపిన స్టీరియో ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే, మిక్సింగ్‌లో స్నేర్ ఒక్కదాన్ని పెంచే వీలుండదు.

తర్వాత డి లా సోల్, కామన్, ఎరికా బాడు లాంటి కళాకారులకు పనిచేశాడు. ట్రైబ్ కోసం ది ఉమ్మా అనే ఉమ్మడి పేరుతో పనిచేశాడు. ఉమ్మడి పేరులో అతని పేరు కనపడలేదు, ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే సంగతి. 2001 ప్రాంతంలో జే డీ అన్న పేరు వదిలి జె డిల్లా అయ్యాడు, జె.డి. అని పిలిపించుకునే మరో ప్రొడ్యూసర్ జెర్మెయిన్ డుప్రితో జనం పొరబడుతున్నారని. పెద్ద కంపెనీతో కుదిరిన సొంత ఆల్బమ్ మూలపడి 2016లో, చనిపోయిన పదేళ్ళకు, బయటికొచ్చింది.

ప్రొడ్యూసర్‌కు డబ్బు మూడు దారుల్లో వస్తుంది. మొదటిది అడ్వాన్స్, మామూలుగా సగం మొదట్లో, సగం పని అప్పగించాక. రెండోది రికార్డు అమ్మకాల మీద వాటా, పాయింట్లు అంటారు, మూడు నాలుగు శాతం మామూలు. అడ్వాన్స్ మొత్తం తిరిగి వసూలయ్యేదాకా ఇందులో పైసా రాదు. మూడోది పాట రచయితగా వచ్చే పబ్లిషింగ్. ఇది చాలామంది పోగొట్టుకునే చోటు. ఒక లెక్క చూడండి. అమెరికాలో 2006 నుంచి 2022 దాకా చట్టం నిర్ణయించిన ధర పాటకు, ప్రతికి 9.1 సెంట్లు. 5 లక్షల ప్రతులు అమ్మితే 45,500 డాలర్లు. శాంపిల్ హక్కుదారు సగం అడిగితే మిగిలేది 22,750. అందులో మాటలు రాసిన రాపర్‌కు సగం పోతే ప్రొడ్యూసర్‌కు 11,375. శాంపిల్‌కు అనుమతి కూడా రెండు చోట్ల తీసుకోవాలి: పాట రాసినవారి దగ్గర ఒకటి, ఆ రికార్డింగ్ సొంతదారు దగ్గర ఒకటి. 1991లో బిజ్ మార్కీ మీద న్యూయార్క్ కోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత అడగకుండా వాడుకునే రోజులు పోయాయి. డిల్లా ఊరు డెట్రాయిట్ ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు పరిధిలోకి వస్తుంది. ఆ కోర్టు 2005లో రెండు సెకన్ల గిటారు ముక్కకైనా లైసెన్సు ఉండాల్సిందేనని తేల్చింది.

అందుకే స్టూడియోలోంచి బయటపడే ముందే ఒక కాగితం రాసుకోవాలి. పాట పేరు, తేదీ, ఒక్కొక్కరి పూర్తి పేరు, ఎవరికి ఎంత శాతం, అందరి సంతకాలు. శాతాలన్నీ కలిపితే కచ్చితంగా 100 కావాలి. పాట హిట్టయ్యాక రాసుకుందామంటే ఆ మొత్తం 130 అవుతుంది.

డిల్లాను రక్తానికి సంబంధించిన టి.టి.పి. అనే అరుదైన జబ్బు, లూపస్ పట్టి పీడించాయి. 2005 చివర్లో యూరప్ పర్యటనలో చక్రాల కుర్చీలో కూర్చుని వేదిక ఎక్కాడు. 31 ముక్కల ఆఖరి వాద్య ఆల్బమ్ అతని పుట్టినరోజునే విడుదలైంది. తర్వాత పన్ను బకాయిలు, ఆస్తి హక్కుల తగాదాలు ఏళ్ళ తరబడి నడిచాయి. తల్లి మోరీన్ యాన్సీ అతని ఎం.పి.సి. 3000ను స్మిత్‌సోనియన్ సంస్థవారి ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియానికి ఇచ్చింది. వాషింగ్టన్‌లో ఉంది.

ఆ యంత్రం చేసే పని ఇప్పుడు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లోనూ చేసుకోవచ్చు. వేగం 90 పెట్టండి. హై-హ్యాట్ స్వింగ్ 54కు జరపండి. కిక్‌ను ముట్టుకోకండి. స్నేర్‌ను 14 మిల్లీసెకన్లు ముందుకు లాగి, నాలుగు ఆవర్తాలు తిప్పి వినండి.

సెలవు. నమస్కారం.