సముద్రానికి వెళ్లివచ్చిన తల్లి, ఏటిలో పుట్టిన పిల్ల

నమస్కారం. ఒకే ఏటిలో, ఒకే కాలంలో పొదిగిన బ్రౌన్ ట్రౌట్ అనే చేప పిల్లల్లో కొన్ని మిగతావాటికన్నా పెద్దవిగా కనిపించగానే "అది జాతి గుణం", అంటే పుట్టుకతో వచ్చిన జన్యువుల ఫలితం, అని తేల్చేసేవారు చాలామంది ఉన్నారు. ఈ తొందరపాటు నన్ను ఎంతోకాలంగా బాధిస్తోంది. తొలి దశలో ఆ తేడాకు, తల్లి ఎక్కడ తిని పెరిగిందన్నదే చాలావరకు కారణం కావచ్చు.

గోదావరి పులసను ఎరిగిన మనకు సముద్రం నుంచి నదికి ఎదురీదే చేప కొత్త కాదు. ఐరోపాలోని ట్రౌట్‌లలో విశేషమేమిటంటే, ఒకే ఏటిలోని ఆడచేపల్లో కొన్ని జీవితమంతా మంచినీటిలోనే ఉండిపోగా, మరికొన్ని సముద్రానికి వెళ్లి, అక్కడి మేతతో బాగా బరువెక్కి తిరిగివస్తాయి.

గుడ్డులోని పచ్చసొనను తల్లి కట్టి ఇచ్చిన సద్దిమూట అనుకోండి. గులకరాళ్ల కింద పొదిగిన పిల్ల, మేత పట్టడం మొదలుపెట్టేవరకు, పొట్టకు వేలాడే ఆ నారింజరంగు సంచి మీదనే బతుకుతుంది. సముద్రంలో పెరిగిన తల్లి ఒళ్లు పెద్దది గనుక ఎక్కువ గుడ్లు పెట్టడమే కాక, సాధారణంగా ఒక్కొక్క గుడ్డులోనూ బరువైన మూట కడుతుంది. ఆ మూటతో బయలుదేరిన పిల్ల పెద్దదిగా బయటికి వస్తుంది, పస్తులను ఎక్కువ రోజులు తట్టుకుంటుంది, ప్రవాహంలో మంచి చోటును పట్టుకుంటుంది. ఇంగ్లండు లేక్ డిస్ట్రిక్ట్‌లోని బ్లాక్ బ్రోస్ బెక్ అనే వాగులో 1960లలో మొదలై దశాబ్దాలు సాగిన పరిశీలనలో, చోటు దొరకని పిల్లలు తొలి వారాల్లోనే పెద్దసంఖ్యలో చనిపోతాయని తేలింది; అలాంటి చోట కొద్దిపాటి ఆధిక్యమైనా ప్రాణం నిలబెడుతుంది.

ఆ మూట ఎక్కడిదో ఎలా తెలుస్తుంది? చేప తలలోని చెవిరాయి పొరలుపొరలుగా పెరుగుతుంది, దాని నడిబొడ్డు మాత్రం పచ్చసొనలోని పదార్థంతోనే ఏర్పడుతుంది. కాల్షియంతో పోల్చి చూస్తే స్ట్రాన్షియం అనే మూలకం సాధారణంగా మంచినీటిలోకన్నా సముద్రజలంలో ఎక్కువ. సముద్రంలో మేసిన తల్లి నుంచి అది పచ్చసొనలోకీ చేరుతుంది. అందువల్ల చెవిరాయిని పలుచగా అరగదీసి మధ్యభాగాన్ని పరీక్షిస్తే, పిల్ల ఎన్నడూ చూడని సముద్రపు జాడ అందులో దొరుకుతుంది. ఇది నాకు ఎన్నిసార్లు తలచుకున్నా అద్భుతమే.

సమయం మించిపోతోంది గనుక మిగిలినది క్లుప్తంగా చెబుతాను. సద్దిమూట ఖాళీ అయ్యాక ఎదుగుదల నీటి వేడిమి, మేత, పోటీలను బట్టి సాగుతుంది, తల్లి ప్రభావం క్రమంగా సన్నగిల్లుతుంది. తండ్రి సముద్రానికి వెళ్లివచ్చినా దాని ఫలం మూటలోకి రాదు; అతడి వాటా ప్రధానంగా జన్యువులదే. కాబట్టి జాతి గుణాన్ని కొలవదలచినవారు తొలి వేసవిలోని పొడవును మాత్రమే చూడక, గుడ్డు పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని, పిల్లలను ఒకే నీటిలో, ఒకే మేతపై పెంచి పోల్చాలి.