ఏ గ్రూపు తీసుకుంటావు?

శ్రోతలకు నమస్కారం.

సంక్రాంతి సెలవులు అయిపోగానే పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు ఒక మనిషి వస్తాడు. చేతిలో రంగుల పాంప్లెట్లు, మెడలో ఐడీ కార్డు, చంకలో రసీదు పుస్తకం. ఏదో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ పీఆర్వో. "ఇప్పుడే సీటు రాయించుకుంటే ఫీజు తగ్గిస్తారండీ, రిజల్ట్సు వచ్చాక మా చేతుల్లో ఉండదు" అంటాడు. తండ్రి అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటాడు. తల్లి లోపలికెళ్లి వెయ్యో రెండు వేలో తెచ్చి అడ్వాన్సు కడుతుంది. "ఏ గ్రూపు రాయమంటారు?" అని అడుగుతాడు. "ఎంపీసీ రాయండి" అంటారు. ఆ గ్రూపు చదవాల్సిన పిల్ల అప్పటికి బడిలో స్టడీ అవర్లో కూర్చుని ఉంటుంది.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను. ఆ వచ్చే మనిషిని నేనేమీ అనను. అతనికీ ఇన్ని సీట్లు నింపాలని టార్గెట్ ఉంటుంది, అతనికీ ఇల్లు గడవాలి. నా బాధల్లా, అతనికంటే ముందు ఆ పిల్లతో ఎవరూ కూర్చుని మాట్లాడలేదే అని. ఇంట్లో మాట్లాడలేదు. బడిలో మేమూ మాట్లాడలేదు. సిలబస్, స్లిప్ టెస్టులు, గ్రాండ్ టెస్టులు, వీటి మధ్యే ఏడాది గడిచిపోతుంది. ఆ మాట్లాడటం ఎప్పుడు మొదలవ్వాలి, ఎవరు మొదలుపెట్టాలి అన్నదే ఈ రోజు నేను మీతో చెప్పాలనుకుంటున్నది. ఎనిమిదో తరగతిలో మొదలవ్వాలి. బడే మొదలుపెట్టాలి.

ఇది నేను కొత్తగా చెబుతున్నదేమీ కాదు. 1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన యువతకు ఏ వృత్తి నప్పుతుందో సలహా చెప్పడానికి ఒక కేంద్రం తెరిచాడు. ఆయన పద్ధతి చాలా సులువైంది. ముందు నిన్ను నువ్వు తెలుసుకో. తర్వాత పనుల గురించి తెలుసుకో. ఆ రెండూ పక్కపక్కన పెట్టి ఆలోచించు. మన దేశంలో 1952లో మాధ్యమిక విద్య మీద ఒక కమిషన్ వేశారు. దాని అధ్యక్షుడు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్, మన కర్నూలులో పుట్టినవారు. బడుల్లో గైడెన్స్ చెప్పేవాళ్లు ఉండాలని, అందుకోసం టీచర్లకు ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వాలని ఆ కమిషన్ అప్పుడే చెప్పింది. 1964లో వేసిన కొఠారీ కమిషన్ మరో అడుగు ముందుకేసి, ఈ పని ప్రాథమిక బడి నుంచే మొదలుకావాలంది. అంటే మా అమ్మ కాలం నుంచి ఉన్న మాట. పల్లెటూరి హైస్కూలు గడప దాకా అది ఇంకా సరిగ్గా రాలేదు.

రాకపోతే ఏమవుతుందో ఒక సంగతి చెబుతాను.

నేను పనిచేసిన ఒక బడిలో బోరు మోటారు తరచూ ఆగిపోయేది. ఆగినప్పుడల్లా పదో తరగతిలో ఒక పిల్లవాణ్ణి పిలిచేవాళ్లం. స్టార్టరు మూత తీసి, టెస్టర్ పెట్టి చూసి, ఏ ఫేజు రావడం లేదో చెప్పేవాడు. కెపాసిటర్ పోయిందో, ఫ్యూజు పోయిందో వాడికి చప్పుడును బట్టే తెలిసేది. లెక్కల్లో నలభై మార్కులు దాటేవాడు కాదు. పది పాసయ్యాక వాళ్ల నాన్న నా దగ్గరికొచ్చి "ఏం చేర్పించమంటారు మేడం?" అని అడిగాడు. అందరికీ చెప్పినట్టే ఆయనకూ చెప్పాను, ఎంపీసీ అని. పిల్లవాడు ఎలక్ట్రికల్ పనంటే ఇష్టపడతాడు కదా, ఇంజనీరింగు వస్తుందిలే అనుకున్నాను. ఫస్టియర్‌లో లెక్కల పేపర్లు రెండూ పోయాయి, ఫిజిక్సూ పోయింది. సప్లిమెంటరీ రాశాడు, మళ్లీ పోయాయి. ఊళ్లో తలెత్తుకోలేక హైదరాబాద్ వెళ్లి ఒక గోడౌన్‌లో మూటలు దింపే పనిలో కుదిరాడు. నాలుగేళ్ల తర్వాత తిరిగొచ్చి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరాడు. ఇప్పుడు బాగున్నాడు. ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తున్నాడు. కానీ ఆ నాలుగేళ్లూ వాడివి. అవి పోవడంలో నా మాట కూడా ఉంది. అది తలచుకున్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

ఆ రోజు నేను వాళ్ల నాన్నకు చెప్పాల్సిన మాటలు ఇప్పుడు మీకు చెబుతాను.

పది పాసైన పిల్లవాడికి ఇంటర్ ఒక్కటే దారి కాదు. ఐటీఐ ఉంది. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ లాంటివి రెండేళ్ల ట్రేడులు. వెల్డర్, డీజిల్ మెకానిక్ లాంటివి ఏడాదివి. చదువు అయ్యాక అప్రెంటిస్‌గా చేరితే పని నేర్చుకుంటూనే నెలనెలా స్టైపెండ్ అందుకోవచ్చు. 1961 నుంచి దానికి చట్టమే ఉంది. "ఐటీఐ చదివితే ఇక అక్కడే ఆగిపోతాడు" అని పెద్దవాళ్లు భయపడతారు. ఆగిపోనక్కర్లేదు. రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు నేరుగా పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది.

పాలిటెక్నిక్ మూడేళ్ల డిప్లొమా. పదో తరగతి పాఠాల మీదే పాలిసెట్ పరీక్ష పెడతారు, అందులో ర్యాంకును బట్టి సీటు. మూడేళ్లయ్యాక పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకే చేతిలో ఒక వృత్తి ఉంటుంది. ఇంకా చదవాలనిపిస్తే ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. అంటే ఇంటర్ మీదుగా వెళ్లినవాడు ఆరేళ్లలో బీటెక్ పూర్తిచేస్తే, డిప్లొమా మీదుగా వెళ్లినవాడికీ మొత్తం ఆరేళ్లే. తేడా ఏమిటంటే, ఇంట్లో ఇబ్బంది వచ్చి మూడేళ్లకే ఆపాల్సి వచ్చినా ఇతని చేతిలో డిప్లొమా ఉంటుంది. ఈ ఒక్క లెక్క తల్లిదండ్రులకు బోర్డు మీద వేసి చూపిస్తే చాలు, వాళ్ల ముఖాల్లో టెన్షన్ సగం తగ్గడం నేను చూశాను.

పాలిటెక్నిక్ అంటే సివిల్, మెకానికల్ అనే అనుకుంటాం. గూడూరులో సిరామిక్ టెక్నాలజీకే ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. హైదరాబాద్ బాలానగర్‌లో టూల్ డిజైన్ సంస్థ ఉంది, అచ్చులు, డైలు తయారుచేయడం నేర్పే నాలుగేళ్ల డిప్లొమా అక్కడ ఉంది. ప్లాస్టిక్ పరిశ్రమ పని నేర్పే సిపెట్ విజయవాడలో ఉంది, హైదరాబాద్‌లో ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు పల్లెటూరి బడుల్లో చదివిన పిల్లల కోసమని రెండేళ్ల అగ్రికల్చర్ డిప్లొమా నడుపుతున్నాయి. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కుల మీదే సీటిచ్చి ఆరేళ్ల చదువు చదివిస్తారు, అవి 2008లో మొదలయ్యాయి. తర్వాత ఒంగోలు, శ్రీకాకుళం కూడా వచ్చాయి. వీటి పేర్లు విన్న పిల్లలు ఊరికి ఎంతమంది ఉంటారు? ట్రిపుల్ ఐటీ తప్ప మిగతావి టీచర్లే చాలామంది వినలేదు. నేనూ సర్వీసులో సగం గడిచాకే విన్నాను.

ఇంటర్‌లో చేరేవాళ్లకూ గ్రూపు అంటే ఏమిటో విడమరచి చెప్పాలి. బైపీసీ తీసుకుంటే డాక్టరే కావాలని లేదు. నర్సింగ్, ఫార్మసీ, అగ్రికల్చర్, వెటర్నరీ, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ అన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్ ఉండే సీఈసీని మార్కులు తక్కువొచ్చిన పిల్లలను పడేసే గ్రూపు అన్నట్టు చూస్తాం. అది చాలా అన్యాయం. సీఏ ఫౌండేషన్ రాసే పిల్లలకు కామర్స్ పునాది బాగా పనికొస్తుంది. ఇంటర్ ఏ గ్రూపుతో చదివినా లాసెట్ రాసి అయిదేళ్ల లా కోర్సులో చేరవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. ఎంపీసీ చదివినవాళ్లు డిగ్రీలో కామర్స్ వైపు, ఆర్ట్స్ వైపు మారవచ్చు. సీఈసీ చదివి ఇంజనీరింగుకు మారడం కుదరదు. ఈ సంగతి ముందే తెలిసి తీసుకోవాలి, తర్వాత తెలిసి ఏడవకూడదు.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. వాళ్ల విషయంలో గ్రూపు కంటే ముందు బస్సు వస్తుంది. "ఏ కాలేజీ దగ్గర?" అన్నదాన్ని బట్టి "ఏం చదవాలి?" తేలిపోతుంది. ఆటోలో పది కిలోమీటర్లు వెళ్లి రాగలిగిన చోట ఏ గ్రూపు ఉంటే అది. తండ్రులు చెడ్డవాళ్లు కాదు, భయపడతారు. ఆ భయాన్ని కసురుకుంటే పోదు. నేనైతే ఇద్దరు ముగ్గురు తల్లులను కలిపి బాలికల హాస్టలుకు తీసుకెళ్లి వార్డెన్‌తో మాట్లాడించేదాన్ని. గదులు, బాత్రూములు, గేటు, వంటిల్లు అన్నీ వాళ్ల కళ్లతో వాళ్లే చూసేవాళ్లు. తిరుగు బస్సులోనే చాలామంది మనసు మార్చుకున్నారు. ఒకామె మాత్రం మార్చుకోలేదు. వాళ్లమ్మాయికి పద్దెనిమిది నిండిన నెలలోనే పెళ్లి చేశారు. లెక్కల్లో వందకు తొంభై ఆరు తెచ్చుకున్న పిల్ల.

మరి బడి ఏం చేయాలి? ఏప్రిల్‌లో ఒక రోజు సభ పెట్టి, ఎవరినో పిలిచి రెండు గంటలు మాట్లాడిస్తే కెరీర్ గైడెన్స్ అయిపోయినట్టు కాదు. డబ్బు ఖర్చులేని ఒక పద్ధతి మా బడిలో చేశాం, అది చెబుతాను. ఎనిమిదో తరగతి పిల్లలకు నెలకొక ఇంటి పని ఇచ్చాం. ఊళ్లో పనిచేసే ఒక మనిషితో మాట్లాడి రావాలి. ఏఎన్ఎమ్, లైన్‌మన్, పోస్ట్‌మన్, బ్యాంకులో క్యాషియర్, టైలరింగ్ షాపు ఆమె, ట్రాక్టర్ మెకానిక్, రొయ్యల చెరువు దగ్గర నీళ్లు పరీక్షచేసే అబ్బాయి, ఎవరైనా సరే. నాలుగు ప్రశ్నలు అడగాలి. మీ పని పొద్దున ఎన్నింటికి మొదలవుతుంది? ఇందులో కష్టమైనది ఏది? మీరు ఏం చదివి ఇక్కడికి వచ్చారు? మళ్లీ పదో తరగతికి వెళితే ఏం చేస్తారు? జవాబులు నోటుబుక్కులో రాసుకుని వచ్చి క్లాసులో చదవాలి.

మొదటి నెల పిల్లలు సిగ్గుపడ్డారు. మూడో నెలకు ఆ పీరియడ్ కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. పెద్దవాళ్లు ఎంత సంతోషంగా మాట్లాడారో మీరు ఊహించలేరు. తమ పని గురించి అంతకుముందు ఎవరూ వాళ్లను అడగలేదు మరి. లైన్‌మన్ ఒకాయన పిల్లలకు రబ్బరు గ్లౌజులు, ఎర్తింగ్ రాడ్ చూపించి, వర్షంలో స్తంభం ఎక్కేముందు ఏమేం చూసుకుంటారో గంటసేపు చెప్పాడు. ఇద్దరు పిల్లలు ఆ పని మాకొద్దు అనుకున్నారు, ఒకడు అదే కావాలనుకున్నాడు. ఆ వయసులో వద్దనుకోవడం కూడా తెలుసుకోవడమే.

"పెద్దయ్యాక ఏమవుతావు?" అని పిల్లలను అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు వాళ్లు మనకు ఇష్టమైన జవాబు చెబుతారు, కలెక్టర్ అంటారు, డాక్టర్ అంటారు. దానికి బదులు "ఏ పని చేస్తుంటే నీకు టైము తెలియదు?" అని అడిగితే నిజం చెబుతారు. తల్లిదండ్రులకూ ఇదే నా విన్నపం. కోప్పడకుండా, పక్కింటి పిల్లవాడి ర్యాంకు ఎత్తకుండా, ఆ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి.

ఇంకొక చిన్న మాట, కాగితాల గురించి. నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు కౌన్సెలింగ్ రోజున వెతుక్కునే బదులు వేసవి మొదట్లోనే తీసి పెట్టుకోండి. పదో తరగతి మెమోలో పేరు, పుట్టిన తేదీ తప్పు పడితే ఆ పిల్ల ఉద్యోగంలో చేరేదాకా ఆ తప్పు వెంటే వస్తుంది. బడిలో వివరాలు పంపేటప్పుడే ఆధార్‌తో సరిచూడమని అడగండి.

చివరగా ఒక పిల్ల గురించి చెప్పి ముగిస్తాను. వాళ్లది నేతపని చేసే ఇల్లు. ఆ నోటుబుక్కు ఇంటి పనిలో తను వాళ్ల నాన్నతోనే మాట్లాడి వచ్చింది. క్లాసులో చదివి, నన్ను అడిగింది: "మేడం, మగ్గం గురించి చదువుకునే కాలేజీ ఉంటుందా?" నాకు తెలియదు. తెలుసుకుని చెబుతానమ్మా అన్నాను. నాలుగు చోట్ల వాకబు చేస్తే తెలిసింది, వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరు మీద చేనేత సాంకేతిక సంస్థ ఉందని, పది పాసైనవాళ్లకు అక్కడ మూడేళ్ల డిప్లొమా ఉందని. నేతగాళ్ల కోసం జీవితమంతా పాటుపడిన కోటయ్యగారి పేరు వాళ్ల నాన్నకు నాకంటే బాగా తెలుసు. ఆ పేరు వినగానే మారు మాట్లాడకుండా దరఖాస్తు మీద సంతకం పెట్టాడు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక సంస్థలో డిజైన్లు చేస్తోంది. ఏటా ఒకసారి మా పాత బడికి వచ్చి ఎనిమిదో తరగతిలో కూర్చుంటుంది. గళ్ల కాగితం మీద వేసిన అంచు డిజైను ఒకటి, దాన్నిబట్టి నేసిన గుడ్డ ముక్క ఒకటి వెంట తెస్తుంది. పిల్లలు చుట్టూ మూగి, ఒక్కో గడి లెక్కపెట్టుకుంటూ, కాగితం మీది హంస గుడ్డ మీద ఎక్కడుందో వెతుకుతారు.

సెలవు. నమస్కారం.