మెరక తోలించాం, నీరెక్కడికి పోయింది?

(విజయవాడలో కాలనీ సంఘాలు, నిర్మాణదారుల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం.

ముందుగా నా తప్పు చెప్పుకుంటాను. ఇరవై ఏళ్ల క్రితం సింగ్‌నగర్ దాటాక రెండు వందల గజాల స్థలం కొన్నాను. పునాది తీయకముందే మూడడుగుల మెరక తోలించాను. యాభై ట్రాక్టర్లకు పైగా మట్టి పట్టింది. వీధిలో అందరికన్నా నా ఇల్లే ఎత్తని పొంగిపోయాను. ఆ ఏడు మొదటి పెద్ద వానకే వెనక వీధిలోని పాత పెంకుటింట్లోకి మోకాలిలోతు నీళ్లు వచ్చాయి. ఆ ఇంటి పెద్దావిడ నన్ను తిట్టలేదు. ‘‘ఇన్నాళ్లూ మీ స్థలంలో నిలిచిన నీళ్లు ఇప్పుడెక్కడ నిలవాలి బాబూ?’’ అని మాత్రం అడిగింది. నేను ఇంజనీరును. జవాబు చెప్పలేకపోయాను.

వరద అనగానే మనందరికీ 2024 సెప్టెంబరు గుర్తొస్తుంది. అయితే ఆ వరదను, నేను చెప్పబోయే నీటిని ఒకే గాటన కట్టవద్దు. బుడమేరు వాగు పైనుంచి పొంగి వచ్చింది, మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటి పరుగెత్తింది. ఆ స్థాయి ముంపును ఏ లే అవుట్ నిబంధనా ఆపలేదు. దాని సంగతి గట్లు, రెగ్యులేటర్లు చూసుకోవాలి. గంట వానకే వీధులు చెరువులవుతున్నాయే, నేను మాట్లాడేది ఆ నీటి గురించి. అది ఎక్కడినుంచో వచ్చింది కాదు, మన నెత్తిన పడిందే.

ఒక ఎకరం మీద పది సెంటీమీటర్ల వాన పడితే నాలుగు లక్షల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనభై. ఇదే ఎకరం నిన్నటిదాకా వరిచేను. చుట్టూ జానెడు గట్టు. చేలో అప్పటికే రెండు మూడంగుళాల నీరున్నా మరో నాలుగంగుళాల వానను పట్టుకుని, బోదెలోకి, అంటే చేల మధ్య పిల్ల కాలువలోకి, తీరిగ్గా వదిలేది. మన ఊరి చుట్టూ ఉన్న చేలన్నీ అలా జీతం లేకుండా పనిచేసిన చిన్న చిన్న జలాశయాలు. వెంచర్ పడిన రోజు గట్టు పోతుంది, మెరక వస్తుంది, సిమెంటు రోడ్డు వస్తుంది. ఎనభై ట్యాంకర్లలో డెబ్బై వరకూ గంటలోపే సైడు కాల్వకు చేరతాయి. ఆ సైడు కాల్వ ఎక్కడికి పోతుంది? పక్క వెంచర్ గోడ దాకా.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 2017 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది మీటర్లకు మించి వెడల్పున్న వాగు, కాలువ హద్దు నుంచి తొమ్మిది మీటర్లు, పది హెక్టార్లు దాటిన చెరువు నుంచి ముప్పై మీటర్లు వదలాలి. మంచిదే. కానీ ఈ అంకెలన్నీ దూరాన్ని కొలుస్తాయి. నీటి పరిమాణాన్ని కొలవవు. వాగుకు తొమ్మిది మీటర్లు వదిలి, అదే వాగులోకి మునుపటికి మూడింతల నీరు తోసినా కాగితం మీద మీరు సచ్చీలురే. పంట బోదెల గతి మరీ దారుణం. నక్షాలో వాగుగా లేనిదాన్ని పూడ్చినా అడిగేవారు ఉండరు. ఊరు మునిగేది పెద్ద కాలువ పొంగి కొన్నిసార్లు, బోదె మూసుకుపోయి చాలాసార్లు.

బయట ఏం చేస్తున్నారు? అమెరికాలో 1987లో స్వచ్ఛ జల చట్టాన్ని సవరించి, వాననీటి ప్రవాహాన్ని అనుమతుల కిందికి తెచ్చారు. అక్కడి చాలా ఊళ్లు స్థానికంగానే ఒక షరతు పెట్టుకున్నాయి: కట్టకముందు ఆ నేల నుంచి నీరు ఏ వేగంతో పోయేదో, కట్టాక అంతకు మించకూడదు. సింగపూర్ 2014 నుంచి అర ఎకరం దాటిన కొత్త నిర్మాణాలకు ప్రవాహ గుణకం, అంటే పడిన వానలో బయటికి పారిపోయే వాటా, 0.55 దాటకూడదంది. పూర్తిగా కాంక్రీటైన నేలకు అది 0.9 దగ్గర ఉంటుంది. మిగిలినది ఎవరి స్థలంలో వారే కాసేపు ఆపుకోవాలి.

‘‘ఇంకుడు గుంతలు తవ్వాం కదండీ’’ అంటారు. తవ్వండి, భూగర్భ జలానికి మేలు. కానీ మన నల్లరేగడిలో నీరు ఇంకడానికి గంటలు కాదు, రోజులు పడుతుంది. కుండపోత వానలో ఆ గుంత అయిదు నిమిషాల్లో నిండి, తర్వాత మనతో పాటే చూస్తూ ఉంటుంది. ఇక్కడ ఇంకించడం కన్నా ఆపడం ముఖ్యం.

ఎక్కడ ఆపాలి? జవాబు మన నిబంధనల్లోనే దాగి ఉంది. లే అవుట్‌లో పది శాతం స్థలం ఖాళీగా వదలాలి. దాన్ని ఒక మీటరు లోతు తవ్వించండి. పది ఎకరాల వెంచర్‌లో అది ఒక ఎకరం. ఎకరం మీద మీటరు లోతు అంటే నలభై లక్షల లీటర్లు. పది ఎకరాల మీద పది సెంటీమీటర్ల వానా సరిగ్గా అంతే! మామూలు రోజుల్లో పిల్లలు ఆడుకునే చోటు, కుండపోత రోజున కొన్ని గంటల చెరువు. అడుగున సన్నని గొట్టం పెడితే నీరు నెమ్మదిగా డ్రెయిన్‌లోకి దిగుతుంది. డ్రెయిన్ అడుగు ఇంకా కిందికి ఉండాలి సుమా. లేకుంటే పంపు కావాలి. ఒకటి రెండు రోజుల్లో ఖాళీ అయితే దోమల భయం అక్కర్లేదు, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది.

కానీ మన వెంచర్లలో ఆ పది శాతం ఎక్కడుంటుంది? ప్లాట్లన్నీ గీశాక మిగిలిన మూలలో, శూలం పోటులాంటి త్రికోణంలో, ఒక్కోసారి అన్నిటికన్నా మెరక మీద! పల్లం మూలన పార్కు పెట్టాలన్న ఒక్క షరతు అదనపు సెంటు అడగదు. బిల్డర్లు ధర పెరుగుతుందంటున్నారు. తవ్విన మట్టి ఎక్కడికీ పోదు, అది మీకు కావలసిన మెరకే కదా.

రెండో షరతు తనఖా గురించి. పనులు పూర్తయ్యేదాకా వెంచర్‌లో కొన్ని ప్లాట్లు అనుమతిచ్చిన సంస్థ దగ్గర తనఖాలో ఉంటాయి. ఇప్పుడు రోడ్లు వేసి స్తంభాలు పాతితే విడుదలవుతాయి. ఒక వానాకాలం గడిచి, నీరు ఆగిందా, పొరుగువారి మీద పడిందా అని చూశాకే విడుదల చేయాలని నగరపాలక సంస్థ తీర్మానించి ప్రభుత్వానికి పంపాలి.

పాత కాలనీల్లో ఇంత స్థలం దొరకదు. అక్కడ పూడిక తీయడం, ఆక్రమించిన కల్వర్టులు తెరవడమే పని.

నా మాటలు చాలు. లే అవుట్ నక్షాలు తెమ్మని ముందే చెప్పాను. తెచ్చినవారు బల్ల దగ్గరికి రండి. మీ ప్లాటు కింద బోదె ఎటు పోయేదో కలిసి వెతుకుదాం. నాదే ముందు పరుస్తాను.